ఐడహో దాకా సాగిన డొప్ప

వెర్లిన్ దాణా కొట్లో పొయ్యి చుట్టూ నాలుగు కుర్చీలుంటాయి. పొయ్యికి దగ్గరగా ఉన్నది డెల్మర్‌ది. అతను రాని రోజున కూడా అందులో ఎవరూ కూర్చోరు. కూర్చుంటే, ఆ కుర్చీ అతనికి ఎలా వచ్చిందో మొదటి నుంచీ వినాల్సి వస్తుంది.

ఆ శనివారం నాలుగు కుర్చీలూ నిండాయి. వేట సీజను తెరవడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఆల్డర్ ఫోర్క్ ఊరి తపాలా ఆఫీసు చూసుకునే ఆర్డిస్ ఒళ్లో ఒక పాత కాఫీపొడి డబ్బా పెట్టుకుని కూర్చుంది. డబ్బాలో ఇరవై ఇత్తడి డొప్పలు ఉన్నాయి. అవి వాళ్ల నాన్న హాల్వర్ పేల్చి దాచిన తూటాల తాలూకు డొప్పలు. ఆ తుపాకీకి పట్టే తూటాలు ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకవు. ఉన్న డొప్పల్లోనే మళ్లీ మందు పోసి, గుండు కూర్చి వాడుకోవాలి.

ఆర్డిస్‌కి ఈ ఏడు వేట అనుమతుల లాటరీలో మూస్ దుప్పిని కొట్టే చీటీ తగిలింది. ఇరవై మూడేళ్లుగా పేరు రాస్తుంటే ఇప్పటికి తగిలింది. ఇంకోసారి తగలడానికి ఇంతకాలమే పడితే అప్పటికి తనకు ఎనభై ఒకటి వస్తాయని ఆమె లెక్క వేసుకుంది. వెళ్తే నాన్న తుపాకీతోనే వెళ్తానని పట్టుబట్టింది. ఇక తేలాల్సింది ఒక్కటే. ఆ ఇరవై డొప్పలు నింపేది డెల్మరా, గస్సా అని.

గస్ రైలు వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు లేతు మిషను తిప్పి దిగిపోయినవాడు. రోజుకు పది మాటలు మాట్లాడతాడని పేరు. పెన్ను పెట్టుకోవాల్సిన జేబులో వెంట్రుకవాసి తేడా కూడా కొలిచే కాలిపర్ పెట్టుకుంటాడు.

"డబ్బా ఇలా ఇవ్వమ్మాయ్," అని డెల్మర్ చెయ్యి చాచాడు.

ఆర్డిస్ డబ్బాను అవతలి మోకాలి మీదికి జరుపుకుంది. "తొందరేముంది. ఇవి సాగి ఉంటాయట, మెడ దగ్గర కోసి అన్నీ ఒకే పొడుగు చెయ్యాలట. గస్ చెప్పాడు. నువ్వు కోస్తావా?"

"కొయ్యడమా?" డెల్మర్ ఆ మాట నోట్లో ఏదో తగిలినట్టు అన్నాడు. "నలభై ఏళ్లుగా నింపుతున్నాను. ఒక్క డొప్ప మెడ మీద కత్తి పెట్టిన పాపాన పోలేదు."

"అందుకే పోయినేడు నా తుపాకీ గడియ, ఆ బోల్టు, మూసుకోలేదు," అన్నాడు వెర్లిన్. "వీడు నింపిచ్చిన తూటా, ఆర్డిస్. ఎల్క్ దుప్పి, కొమ్ముకి ఆరేసి కొమ్మలున్న పోతు, ఎదురుగా నిలబడి నన్నే చూస్తోంది. నేను బోల్టు తోస్తున్నాను, అది మూసుకోవడం లేదు. అది ఆవులించింది. తమాషాకి చెప్పడం లేదు, ఆవులించి వెళ్లిపోయింది."

"నీ తుపాకీలో మట్టి ఉంది."

"తుపాకీలో మట్టి లేదు. తూటాలో నువ్వున్నావు."

గస్ గొంతు సవరించుకున్నాడు. "పేల్చిన ప్రతిసారీ, మళ్లీ తయారు చేసిన ప్రతిసారీ, ఇత్తడి మెడవైపు సాగుతుంది. మరీ సాగితే తుపాకీ లోపల పట్టదు. బలవంతాన తోస్తే మెడ నొక్కుకుపోయి గుండును వదలదు. అప్పుడు పేలిస్తే," అని తన మొహం ముందు రెండు చేతులూ పువ్వులా విప్పి చూపించాడు.

"పది మాటలు దాటిపోయాయి గస్. రేపటివి కూడా వాడేశావు, ఇక ఎల్లుండి మాట్లాడు," అని డెల్మర్ కుర్చీని పొయ్యి నుంచి కాస్త వెనక్కి లాక్కున్నాడు. అలా లాక్కున్నాడంటే కథ మొదలైనట్టే. వెర్లిన్ లేచి అందరి కప్పుల్లోనూ కాఫీ నింపి వచ్చాడు.

"ఆర్డిస్, నువ్వు చదువుకున్నదానివి, నీకు అర్థమవుతుంది కనుక చెబుతున్నాను. డొప్ప సాగుతుంది, నిజమే, కాదన్నదెవరు, సాగనీ, సాగితే దానికి మర్యాద ఇవ్వాలి గానీ మెడ కోస్తారా? వంతెన కొట్టుకుపోయిన ఏడాది నా దగ్గర ఒక్కటంటే ఒక్క డొప్ప మిగిలింది, ఎందుకంటావా, మిగతావన్నీ మా ఆవిడ జువెల్ దారాలకు గుచ్చి వసారాలో వేలాడదీసింది, గాలికి బాగా మోగుతాయని. అడిగితే 'ఆ ఒక్కటీ చాలదూ' అంది. సరే, చాలుతుందో లేదో చూద్దామని పంతం పట్టాను. పేలుస్తాను, ఉబ్బిన డొప్పను ఉక్కు అచ్చులోకి నొక్కి మళ్లీ సన్నం చేస్తాను, అడుగున నిప్పు పుట్టించే కొత్త టోపీ బిగిస్తాను, మందు పోస్తాను, గుండు కూరుస్తాను, మళ్లీ పేలుస్తాను. పదకొండు సార్లు. ఒక్కసారీ కొయ్యలేదు. ప్రతిసారీ కొలిచాను మాత్రం, కొలవందే మందు పోయను, ఆ విషయంలో నేను ఖచ్చితం."

"పదకొండు సార్లు అవ్వచ్చు," అంది ఆర్డిస్.

ఒప్పుకున్నందుకు డెల్మర్‌కి కాస్త నిరాశ కలిగినట్టుంది. "పదకొండు అన్నానా? పదకొండు ఆ వారం సంగతి. నెల తిరిగేసరికి యాభై. యాభయ్యోసారికి బోల్టు అరచేత్తో తోస్తే మూసుకోవడం లేదు. ఏం చేశాను? బూటుతో తన్నాను, మూసుకుంది. అరవయ్యోసారికి బూటు చాల్లేదు. తుపాకీని చెట్టుకు ఆనించి, నా పికప్పు బండిని వెనక్కి పోనిచ్చి, వెనక తలుపుతో నెమ్మదిగా ఇలా నొక్కాను. టక్కుమంది. అంత ముద్దుగా మూసుకున్న బోల్టును నేను మళ్లీ చూడలేదు."

"నాకు బండి తెచ్చుకోవాలని తట్టలేదు," అన్నాడు వెర్లిన్.

"తట్టదు. వేటంటే ముందుచూపు. విను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకరోజు పొద్దున్నే తుపాకీ శుభ్రం చేద్దామని గొట్టంలోకి తొంగి చూశాను, అవతల వెలుగు కనబడాలి గదా, కనబడలేదు, ఏమిట్రా అని ముందువైపు తిప్పి చూస్తే డొప్ప గొట్టం పొడుగునా సాగి మూతి దగ్గరికి వచ్చేసింది, గుండు మూతి బయటికి తల పెట్టి తాబేలులా చూస్తోంది. మొదట నాకూ భయం వేసింది. తర్వాత ఆలోచిస్తే, ఇందులో తప్పేముంది? గుండు గొట్టంలోంచి అంత దూరం రావాల్సిన పని తప్పింది. బయల్దేరే ముందే బయటికొచ్చేసింది."

ఆర్డిస్ నవ్వు ఆపుకోవడానికి కప్పు ఎత్తింది. డెల్మర్ చెయ్యి డబ్బావైపు వచ్చింది. ఆమె చూడకుండానే డబ్బాను ఇంకో పక్కకి జరిపింది.

"అప్పుడైనా కోస్తే పోయేదిగా," అన్నాడు వెర్లిన్.

"పంతం. కొయ్యనన్నాను, కొయ్యలేదు. పేల్చాను, నొక్కాను, సాగింది. పేల్చాను, నొక్కాను, సాగింది. చలికాలం వచ్చేసరికి తుపాకీ వంటింట్లో గోడకి ఉంటే డొప్ప మూతి వసారా దాటి కోళ్లగూటి దాకా పోయింది. జువెల్ దాని మీద దుప్పట్లు ఆరేసేది, బొంతలతో సహా, ఎక్కడా వంగేది కాదు, మంచి ఇత్తడి అది. పిచ్చుకలు లోపల గూడు పెట్టుకున్నాయి. పొద్దున్నే టోపీ బిగించే ముందు ఇటువైపు నోరు పెట్టి ఊదేవాణ్ణి, అటువైపునుంచి వరసగా బయటికి వచ్చేవి, పిల్లలు ఆఖర్న. ఒక్క పిచ్చుకకీ హాని చెయ్యలేదు, అది రాసుకోండి."

"మందు ఎంత పోసేవాడివి?" అని గస్ అడిగాడు.

"నీకు ఇవాళ్టి మాటలు అయిపోయాయి."

గస్ తల ఊపాడు.

"ఇక అసలు వేట సంగతి. తెరిచిన మొదటి రోజు. మీకు ఆ పడమటి కొండ శిఖరం తెలుసు, ఇటువైపు మన రాష్ట్రం, అటువైపు ఐడహో రాష్ట్రం. తుపాకీ మన వాగు ఒడ్డున రాతి మీద ఆనించాను. డొప్పేమో వాగు దాటి, దేవదారు అడవి దాటి, శిఖరం ఎక్కి, అటు దిగింది. మధ్య మధ్య వంగకుండా గుంజలు పాతాను, పదిహేడు గుంజలు, మూడు వారాల పని. అవతల లోయలో ఒక పోతు. అంత పోతును నేను అంతకుముందు చూడలేదు, అప్పుడూ చూడలేదనుకో, మధ్యలో కొండ ఉంది గదా."

"చూడకుండా ఉందని ఎలా తెలిసింది?" అంది ఆర్డిస్.

"డొప్ప కదిలింది. చేపలు పట్టేవాడికి గాలం కదిలితే తెలియదూ? అలా కదిలింది. తర్వాత తెలిసిందేమంటే ఆ పోతు వీపు దురద పుట్టి గుండుకు రుద్దుకుంటోంది. ఇక గురి చూడాల్సిన పనేముంది, గురే వచ్చి గుండుకి ఆనుకుంది. సరిగ్గా పొద్దున్న ఎనిమిదింటికి ట్రిగ్గర్ నొక్కాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

వెర్లిన్ కప్పు నోటి దగ్గరికి ఎత్తాడు. డెల్మరే చెప్పాడు.

"కొండ దాటితే వాళ్ల గడియారం మనకంటే గంట వెనక. అవునా? ఇక్కడ ఎనిమిది, అక్కడ ఏడు. అంటే నేను ఎనిమిదింటికి నొక్కితే గుండు ఏడింటికి పేలింది. నేను నొక్కడానికి గంట ముందే పోతు పడిపోయింది. ఆ టైముకి నేనింకా వంటింట్లో కూర్చుని గుడ్లు తింటున్నాను. జువెల్‌ని అడగండి. 'ఏమిటి డెల్మర్, ఇవాళ మొహం వెలిగిపోతోంది' అంది. నాకూ తెలియలేదు ఎందుకో."

వెర్లిన్ తాగుతున్న కాఫీ ముక్కులోకి పోయింది. ఆర్డిస్ అతని వీపు తట్టింది. గస్ మొహం కదల్లేదు గానీ కాళ్లు రెండూ కొద్దిగా ఊగుతున్నాయి. గస్ నవ్వితే కాళ్లలోనే తెలుస్తుంది.

"నవ్వండి. వేట చట్టం చూసే వార్డెన్లు ఇద్దరు నా మీద పడ్డప్పుడు ఒక్కరూ నవ్వలేదు. మన రాష్ట్రపు వార్డెనేమో తుపాకీ ఇక్కడ ఉంది కనుక వేట ఇక్కడిదే అంటాడు. ఐడహో వార్డెన్ శిఖరం మీద నిలబడి, గుండు మావైపు ఉంది, నీకు మా లైసెన్సు ఏదీ, పైగా మా టైము ప్రకారం తెల్లారకముందే పేల్చావు, అది ఇంకో నేరం అంటాడు. వాళ్లిద్దరూ డొప్పకి అటొకరు ఇటొకరు చెవి పెట్టి అందులోంచే పోట్లాడుకున్నారు, టెలిఫోను కంటే స్పష్టంగా వినబడుతుంది. ఆఖరికి ఇద్దరూ కలిసి ఏమన్నారు? సరిహద్దు దగ్గర కోసెయ్యి, గొడవ వదిలిపోతుంది అన్నారు. నేను టోపీ తీసి చాలా మర్యాదగా చెప్పాను, అయ్యా, జైల్లో వెయ్యండి, పోతును మీరే తీసుకోండి, నేను డొప్ప కొయ్యను."

"మరి వదిలేశారా?" అన్నాడు వెర్లిన్ కళ్లు తుడుచుకుంటూ.

"వదలక? ఆ లోయలో మూడు పశువుల దొడ్లకి నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయనుకున్నావు? మన వాగు నీళ్లే, ఆ డొప్పలోంచే. ఇంతకీ నేను చెప్పేదేమంటే అమ్మాయ్, కోసే అవసరం అందరికీ ఉండదు. కొలిచేవాడికి ఉండదు. సరిగ్గా కొలవడం రానివాళ్లు కోస్తారు."

"అంత పొడుగు డొప్పను దేంతో కొలిచావు? కాలిపర్ ఆరంగుళాలేగా," అన్నాడు వెర్లిన్.

"మొదట్లో కాలిపర్‌తో. తర్వాత పొలాలు కొలిచే గొలుసుతో. ఆఖర్న బండి మీటరు చూసి. కానీ కొలవకుండా ఒక్కటి వదల్లేదు. కావాలంటే ఇన్ని చెప్పాను గదా, అందులో మీకు నచ్చనివి తీసెయ్యండి, ఈ కొలత మాట మాత్రం తియ్యకండి. ఇది ఒట్టు."

అతని గొంతు మారింది. ఇప్పటిదాకా చూరువైపు చూస్తూ చెప్పినవాడు ఇప్పుడు డబ్బావైపు చూస్తున్నాడు. ఆ ఇరవై డొప్పలూ తనకు కావాలని, కథ అంతా అందుకేనని, అందరికీ తెలుస్తూనే ఉంది. పోయినేడు వెర్లిన్ పోతు ఆవులించి వెళ్లిపోయాక ఈ ఊళ్లో ఎవరూ అతన్ని తూటాలు నింపమని అడగలేదు.

ఆర్డిస్ డబ్బా మూత మీద వేళ్లతో తట్టింది. "ఒట్టంటే నమ్ముతాను. ఒక్కటి అడుగుతాను చెప్పు. ఎప్పుడు కొలుస్తావు?"

"ఎప్పుడేమిటి, పేలిన వెంటనే. తుపాకీలోంచి తీసి, వేడి చల్లారనిచ్చి, కొలుస్తాను."

"అచ్చులో నొక్కక ముందు."

"ముందే మరి."

"నొక్కాక?"

"నొక్కాక ఎందుకు? కొలిచేశానుగా."

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పక్కకి ఒరిగింది. గస్ కాళ్లు ఊగడం ఆగిపోయింది.

"వెర్లిన్ తూటాలు కూడా అలాగే కొలిచావా?" అంది ఆర్డిస్.

"ఒక్కొక్కటీ. ఒక్కటి కూడా వెంట్రుకవాసి ఎక్కువ లేదు. అందుకే అంటున్నాను, వాడి తుపాకీలో..." అని డెల్మర్ ఆగిపోయాడు. ముగ్గురూ అతనివైపు ఒకేలా చూస్తున్నారు.

"మా నాన్న బల్ల మీద సుద్దతో రాసి పెట్టుకున్నాడు," అంది ఆర్డిస్. "ముందు నొక్కు, తర్వాత కొలువు అని. పిండిముద్దను రెండు అరచేతుల మధ్య పెట్టి నులిమితే ఏమవుతుంది డెల్మర్? సన్నబడుతుంది. సన్నబడ్డ పిండి ఎక్కడికీ పోదు, పొడుగులోకి వస్తుంది. నువ్వు పేల్చిన డొప్పను కొలుస్తున్నావు. పొడుగయ్యేది నువ్వు కొలిచాక."

వెర్లిన్ లేచి గల్లాపెట్టె దగ్గరికి వెళ్లాడు. దాని మీద ఏడాది నుంచీ ఒక తూటా నిలబెట్టి ఉంది, ఆ రోజు గొట్టంలో పట్టనిది. చనిపోయినవాళ్ల ఫోటోలా దాన్ని అక్కడ ఉంచుకున్నాడు. తెచ్చి గస్ చేతిలో పెట్టాడు. గస్ కాలిపర్ తీసి దాని కొనలు తుడిచి, తూటాను నిలువుగా పట్టుకుని డొప్ప అడుగు నుంచి మెడ అంచు దాకా కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు. గోడమీద అంటించిన తూటాల కొలతల పట్టికలో ఉండాల్సిన పొడుగు చూసుకున్నాడు.

"అంగుళంలో వెయ్యో వంతులు. పద్నాలుగు ఎక్కువ."

డెల్మర్ ఆ తూటాను అందుకుని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. పద్నాలుగు వెయ్యో వంతులు కంటికి ఆనవు, అయినా వాటికోసం వెతుకుతున్నట్టు చూశాడు.

"నలభై ఏళ్లు," అన్నాడు చివరికి.

"నేను ఐడహో దాకా సాగిన డొప్పను నమ్మాను," అన్నాడు వెర్లిన్. కోపంగా అనలేదు, ఏడాదిగా వెతుకుతున్న తాళంచెవి దొరికినవాడిలా అన్నాడు. "పిచ్చుకల్ని నమ్మాను. నొక్కడానికి గంట ముందు చచ్చిన పోతును కూడా నమ్మడానికి సిద్ధపడ్డాను. అంత కథలో నువ్వు చెప్పిన నిజం ఒక్కటే ముసలోడా, దాంతోనే దొరికిపోయావు."

ముందు నవ్వింది డెల్మరే. కిందనుంచి ఎక్కడో మొదలై భుజాలదాకా వచ్చింది. అతను నవ్వాడు గనుక వెర్లిన్ నవ్వాడు. ఆర్డిస్ అయితే ఇక ఆపుకోలేదు. గస్ కాళ్లు మళ్లీ ఊగాయి.

నవ్వులు తగ్గాక ఆర్డిస్ లేచి కాఫీ డబ్బాను గస్ ఒళ్లో పెట్టింది. డెల్మర్ దానివైపు చూసి తల తిప్పుకున్నాడు. టోపీ కోసం చెయ్యి చాచాడు.

"కూర్చో," అంది ఆర్డిస్. "మంగళవారం గస్ షెడ్డుకి నువ్వూ రావాలి. నొక్కేది గస్, కొలిచేది గస్. కోసే మిషను పిడి నువ్వు తిప్పాలి. ఇరవై డొప్పలూ."

"నేనా? కొయ్యడమా?"

"నువ్వే. ఒట్టు తీసి గట్టున పెట్టు. నా మూస్ ఆవులించకూడదు."

డెల్మర్ టోపీని మోకాలి మీద తిప్పుతూ కూర్చున్నాడు. వెర్లిన్ అతని కప్పు నింపాడు.

"ఇంకొకటి," అంది ఆర్డిస్. "నేను మూస్‌ని కొట్టి వచ్చాక ఆ కథ ఈ కుర్చీలో కూర్చుని నువ్వే చెప్పాలి. ఇరవై మూడేళ్లు ఎదురు చూశాను నేను. గస్‌కి అప్పజెబితే ఏం చెబుతాడు?"

గస్ ఆలోచించాడు. "వెళ్లింది. కొట్టింది."

"చూశావా," అంది ఆర్డిస్.

డెల్మర్ ఒక గుక్క తాగి కుర్చీని పొయ్యి నుంచి కాస్త వెనక్కి లాక్కున్నాడు. మొహంలోకి రంగు తిరిగొచ్చింది.

"ఎంత దూరంనుంచి కొట్టావు?"

"ఇంకా వెళ్లలేదు డెల్మర్."

"తెలుసు, తెలుసు. నాలుగొందల గజాలు అనుకుందాం. గాలి ఎదురు. మూస్ కదులుతోంది. కాదు, నాలుగొందలంటే మీ నాన్న తుపాకీకి అవమానం, ఆరొందలు. ఆరొందల యాభై వేసుకో. మంచు కురుస్తోంది, ఒక కన్ను మూసుకుపోయింది..."

గస్ కాలిపర్ మూసి జేబులో పెట్టుకున్నాడు.

"ముందు కొట్టనీ," అన్నాడు. "తర్వాత కొలువు."